కింది దిక్కు

కరీంనగర్ బస్టాండుల
థర్మకోల్ డబ్బా ఒళ్ళె పెట్టుకోని కూసున్న.
"ఏందది?" అన్నడు కండక్టర్.
పగడాలన్న.
"దండలా?"
కాదు, పాణమున్నయి.
నా మొఖం చూసిండు, డబ్బా చూసిండు,
పాణమున్నదానికి టికెట్ కొట్టాల్నా వద్దా అని
హుజూరాబాద్ దాక ఆలోచిస్తనే ఉన్నడు.

ఫర్హీన్ టీచర్‌ను ఆసిఫాబాద్ ఏసిన్రు.
ఆరేండ్ల సముద్రం, నాలుగడుగుల పొడుగు, అడుగున్నర లోతు,
మూటగట్టుకోని పోయేది కాదు గదా.
చేపలను ఎవలో తీస్కపోయిన్రు.
పగడాలు మాత్రం నాకే అన్నది.
ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క కవర్ల నీళ్ళతోని ముడేసి,
ఏది ఎక్కువ ఎలుగుకు ముడుచుకుంటదో
ఏది పక్కదాన్ని కుడ్తదో
నోట్‌బుక్కు కాయితం మీద రాసిచ్చింది,
బిడ్డను హాస్టల్ల దింపేటోళ్ళ లెక్క.

హనుమకొండ. రాత్రి తొమ్మిది.
ముందర్రల నా తొట్టి నీలంగ మెరుస్తుంది.
దాని దిక్కు చూడకుంట
ఎనక వరండాలకు పోయిన.

ఆడ ఒక ప్లాస్టిక్ టబ్బు, ఒక హీటరు, ఒక చిన్న మోటరు.
మోచేతి దాక మూడుసార్లు కడుక్కున్న.
పొద్దంత ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలు తూకమేసే చెయ్యి ఇది,
అద్దానికి తాకినా ఘాటు దిగుతది.

ఉప్పునీళ్ళల్ల అయోడిన్ కలిపితే
బెల్లం పానకం రంగు.
ఒక్కొక్కదాన్ని ముంచి పది నిమిషాలు మెల్లగ ఆడించిన.
అప్పుడు రాలినయి
నూక కంటె సన్నగ,
పగడం రంగే ఒంటికి పూసుకున్న పురుగులు.
ఇన్నాళ్ళు దాన్నే తిని
దాని లెక్కనే కనవడ్డయి.

మందుకు పురుగు చస్తది. గుడ్డు చావది.
గుడ్డు ఉండేది కింది దిక్కు,
అది అతుక్కున్న రాతి బిళ్ళకు.
ఎంజీఎం ముంగట సర్జికల్ దుకాణంల కొన్న
ఎముకలు కత్తిరించే పట్టకారుతోని
పాత బిళ్ళను కొరికి తీసేసిన.
కొత్త బిళ్ళ, ఒక బొట్టు జిగురు.
కవర్ల నీళ్ళు మోరిల.

నర్సంపేట దిక్కు మా చేను.
ఆ యేడు మిర్చి నారు ఓదెలన్న ఊరికెనే ఇచ్చిండు.
మిగిలింది, ఏసుకోర్రి అన్నడు. పైసలంటె కోపం చేసిండు.
మేము పైన పచ్చగున్నది చూసినం.
ఆకు తిరగేసుడంటె
ఇచ్చినోన్ని అనుమానించినట్టయితదని
తిరగెయ్యలే.
పూతల నల్ల తామర పురుగు కనవడ్డనాటికి
ఓదెలన్న చేను గూడ మాడిపోయే ఉన్నది.
ఎవల్ని ఏమంటం?
గట్టు మీద కూసోని ఇద్దరం ఒక్క బీడీ తాగినం.

ఇప్పుడు రోజు రాత్రి
టార్చికి ఎర్ర కాయితం సుట్టి
టబ్బు ముంగట గొంతుక్కూసుంట.
ఎర్ర ఎలుగు వాటి కండ్లకు ఆనదంటరు.
నలభై రోజులని క్యాలెండర్ మీద గీతలు గీస్తున్న.
ఇరవై ఆరోనాడు
ఒకదాని మొదట్ల, జిగురు పక్కపొంటి,
తెల్లగ, దారం ముక్క సుట్టినట్టు.
పుల్లతోని గీకి తీసి
గీతలన్ని కొట్టేసి
మల్ల ఒకటి కాడికెల్లి.

టీచర్ ఫోన్ చేసింది.
"పెద్దదాంట్ల కలిసిపోయినయా?"
ఇంక బయటనే ఉన్నయి టీచర్.
జరసేపు మాట లేదు. ఎనక ఎక్కడ్నో కుక్కర్ కూత.
"నా దాంట్ల పురుగులేం లేకుండె గదా."
లేకుండె టీచర్, అన్న.
నాదే పాడు అలవాటు.

వరండా లైటు ఆర్పిన.
టబ్బుల ఆమె పగడం
ఒక్కొక్క ఏలు ఇప్పుతుంది.
ఏ ఊరి నీళ్ళనుకుంటుందో తెల్వది.
ఇది పదకొండో గీత.
కింది దిక్కు ఇయ్యాల్టికైతే ఏం లేదు.